అరవై మూడో పొడిగింపు

అయినా నిద్రపోతున్నవాడికి తాను నిద్రపోతున్న సంగతి తెలియదు కాబట్టి, వాడి బదులు ఆ సంగతి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఆ గుర్తుపెట్టుకోవడమే ఒకరికి ఉద్యోగమైతే, కొన్నాళ్లకు ఉద్యోగం గుర్తుంటుంది గానీ మనిషి గుర్తుండడు అని ఆలోచిస్తూనే కెజియా నూట పద్నాలుగో అర దగ్గర ఆగింది. అద్దం పైకెత్తి, లోపలున్న ముసలాయన భుజం కింద చెయ్యి దూర్చి, ఎడమ పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పింది. ఒళ్లు చల్లగా, తడి ఇసుక మూటలా బరువుగా ఉంది. వీపు మీద ఎర్రమచ్చ లేదు. అద్దం దించి నూట పదిహేనుకు వెళ్లింది.

విరామశాలలో ఇలా తిప్పడం ఒక్కటే ఇంకా మనిషి చేతిపని. ఊపిరి, నెత్తురు, చలి, అన్నీ నియంత్రిక అనే యంత్రం చూసుకుంటుంది. మొదట్లో తిప్పడానికి కూడా యంత్రహస్తాలే ఉండేవి. అవి కొందరి పక్కటెముకలు విరిచాక ఆ పని మనుషులకు వచ్చింది. ఏడేళ్లుగా రోజూ పగటి వంతులో కెజియా మూడో అంతస్తులోని రెండు వందల ఆరుగురిని తిప్పుతోంది. వాళ్ల ముఖాల కంటే వీపులే ఆమెకు బాగా తెలుసు.

గుంటూరు నుంచి ఏటుకూరు పోయే దారిలో ఉన్న ఆ కట్టడం ఒకప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ. బస్తాలు దొంతర్లుగా పేర్చిన చోట ఇప్పుడు అరలు దొంతర్లుగా ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా గోడలు కడుగుతున్నా ఘాటు మాత్రం పోలేదు. ఎండ ముదిరిన రోజుల్లో ఎక్కడో ఒక అరలో ఒక విరామి తుమ్ముతాడు. నియంత్రిక దాన్ని ‘అనైచ్ఛిక స్పందన’ అని రాసుకుంటుంది. కెజియా మాత్రం చిన్నపిల్లలకు అన్నట్టు ‘నూరేళ్లు’ అంటుంది. అన్నాక ప్రతిసారీ, ఎన్ని ఏళ్లు లెక్కలోకి వస్తాయో, ఎన్ని రావో అని లోపల ఏదో పట్టుకుని వదలదు.

“అక్కా, సభ మొదలైంది. తెర పెట్టమంటావా?” చలిగది లోంచి నాగుల్‌మీరా తల బయటపెట్టి అడిగాడు. ఆ అంతస్తుకు చలి సరిగ్గా అందేలా చూసేది అతనే. మెడ చుట్టూ రెండు మఫ్లర్లు వేసుకుని, బయట ఎండాకాలమంటే ఏమిటో మర్చిపోయిన మనిషి.

“పెట్టు. చూడకపోతే ఏదో పోయినట్టుంటుంది. చూస్తే ఏం పోయిందో తెలుస్తుంది.”

“ఈసారి బిల్లు వచ్చిద్దంట.”

“పోయినసారీ అన్నారుగా.”

“పోయినసారి తప్పకుండా అన్నారక్కా. ఈసారి తప్పనిసరిగా అంటున్నారు. ఆ మాత్రం తేడా లేదా మరి?”

కెజియా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో ఆమె గమనించుకుంది. ఎడమ మెడ ఎముక కింద ఒక చోటు ఉంది. పనిలో చేరిన మొదటి ఏడాది అక్కడ కోపం ఉండేది. ఆ కోపంతో పదకొండు అర్జీలు రాసింది. శాసనసభ్యులకు, సంఘాలకు, ఉపసంఘాలకు. పదకొండింటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అనే ఒకటే జవాబు వచ్చింది. పదకొండో జవాబు చదివినప్పుడు కోపం రాలేదు. నవ్వు వచ్చింది. ఆ రోజు తనకు భయమేసింది. ఆ భయం కూడా తర్వాత పోయింది.

ఆరోగ్య హక్కు బిల్లు సభలోకి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లు. జబ్బు చేసిన మనిషికి, జబ్బుకు మందు ఉన్నప్పుడు, ఆ మందు అందాలి అన్నది అందులోని మొదటి వాక్యం. ఆ వాక్యం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరం లేని బిల్లును ఆపడానికి ఇంకా తెలివి కావాలి కాబట్టి, దాన్ని సంఘానికి పంపారు, సంఘం గడువు పెంచారు, సభ రద్దయింది, మళ్లీ పెట్టారు, మళ్లీ పంపారు. ఈలోగా జబ్బులతో ఉన్నవాళ్లు చచ్చిపోకుండా ‘మూడు నెలల తాత్కాలిక ఏర్పాటు’గా విరామనిద్ర మొదలైంది. బిల్లు రాగానే లేపి వైద్యం చేస్తామన్నారు. నిద్రలో ఉన్నవాళ్లు రోగుల లెక్కలోకి రారు, మృతుల లెక్కలోకీ రారు. రాష్ట్రంలో వైద్యం అందక ఎదురుచూస్తున్నవాళ్లు సున్నా అని ఏటా సభలో చదువుతారు. బల్లలు చరుస్తారు.

“ఓటర్ల జాబితాలో మాత్రం అందరూ ఉన్నారు చూడు,” అంటాడు నాగుల్‌మీరా. “పోయినసారి మన అంతస్తులో పోలింగు నూటికి నూరంట.”

అతను హాస్యమాడుతున్నాడో నిజం చెబుతున్నాడో కెజియా ఎప్పుడూ అడగలేదు.

తిప్పడం కాక ఆమెకు ఇంకో పని ఉంది. ఆరు నెలలకొకసారి పొడిగింపు. ప్రతి విరామీ నిద్రలోకి వెళ్లే ముందు చెప్పిన చివరి మాట ధ్వనిముద్రణలో భద్రంగా ఉంటుంది. పొడిగింపు కాలంలో సమ్మతి పఠితగా కెజియా ఆ మాట విని, అది సమ్మతేనని వేలిముద్ర వెయ్యాలి. నియంత్రిక ముందే విని, ఏ మాటకు ఏ అర్థమో సర్కారు రాసిపెట్టిన అర్థపట్టిక ప్రకారం ‘సమ్మతి’ అని రాసి ఉంచుతుంది. పఠిత బొటనవేలు ఆనిస్తే చాలు. ఒక్కొక్కరికి ఏడు సెకన్లు పడుతుంది. గత తొమ్మిది రోజుల్లో కెజియా రెండు వందల ఐదుగురికి వేసింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి గడువు. ఒక్కరు మిగిలారు.

నూట అరవై రెండో అర. శివనాగరాజు, మైక్‌సెట్ పని, వయసు ముప్ఫై ఎనిమిది. కాలేయం పాడైంది. దాన్ని కొత్తగా పెంచి అమర్చే వైద్యం అతను పడుకున్న ఏడాదే ఈ ఊళ్లోకి వచ్చింది. ఇక్కడికి పావుగంట దూరంలో రోజూ జరుగుతోంది. అతనికి ఇవాళ అరవై మూడో పొడిగింపు. అతన్ని ఎందుకు చివరికి మిగిల్చిందో కెజియా తనకు తాను చెప్పుకోలేదు గానీ, నిన్న తెర మీద చూసిన రెండు అంకెలు మనసులోంచి కదలడం లేదు. ఇవాళ లేపితే అతను కళ్లు తెరిచే అవకాశం నూటికి నలభై ఒకటి. ఇంకో ఆరు నెలలు పడుకుంటే నూటికి ఆరు. పదికి తగ్గినవాళ్లను ఇక లేపరు. నాలుగో అంతస్తుకు చేరుస్తారు. నాలుగో అంతస్తులో ఎవరినీ తిప్పరు.

పదిన్నరకు లాస్య వచ్చింది. ప్రతి బుధవారం వస్తుంది. చిలకలూరిపేటలో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. నిద్రబంధువుల సంఘానికి కార్యదర్శి. శివనాగరాజు పడుకున్నప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు నలభై.

“ఏమక్కా, మా కుర్రోడు ఎట్టా ఉన్నాడు?” అంటూ చెప్పులు విప్పి లోపలికొచ్చింది. తండ్రి వయసు దాటిన రోజు నుంచి అలాగే అడుగుతోంది.

“బుద్ధిగానే ఉన్నాడు. కుడి పక్కకు తిప్పా.”

కెజియా అద్దం ఎత్తింది. లాస్య సంచీలోంచి గోళ్లు తీసే కత్తెర తీసి తండ్రి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. విరామంలో గోళ్లు నెలకు వెంట్రుకవాసి పెరుగుతాయి. తియ్యడానికేం లేకపోయినా ఆమె తీస్తుంది. ఆమె జుట్టులో తెల్లటి పాయ, అతని జుట్టు నల్లగా, దట్టంగా. ఎవరైనా చూస్తే అక్కా తమ్ముడూ అనుకుంటారు.

“లేచి నన్ను చూస్తే ఏమంటాడో తెలుసా? నమస్తే అండీ అంటాడు. కూర్చోండి అంటాడు. మా నాన్నకు మర్యాద ఎక్కువ.” చిటికెనవేలి దగ్గర ఆగింది. “నలభై ఒకటంటగా.”

“ఎవరు చెప్పారు?”

“చెప్పకపోతే నాకు లెక్కలు రావా? ఏటేటా తగ్గేదాన్ని గీత గీసుకుంటే ఎక్కడికొచ్చిద్దో తెలియదా? ఆర్నెల్ల తర్వాత ఆరో ఏడో.”

“ఆరు,” అంది కెజియా.

లాస్య తలూపింది. ఏడవలేదు. ఏడుపు ఏ ఏడో అయిపోయిన మనిషిలా ఉంది. “మొన్న సభ ముందు రోడ్డు మీద పడుకున్నాంగా, రెండు వందల మందిమి. మా వాళ్లు పడుకున్నట్టే, కళ్లు మూసుకుని, కదలకుండా. ఒకాయన కారు ఆపాడు. దిగుతాడేమో, మాట్లాడతాడేమో అనుకున్నా. అద్దం దించి డ్రైవరుతో అన్నాడు, ‘హారన్ కొట్టకు, పాపం పడుకున్నారు.’ లోపలున్నోళ్లందరూ నవ్వారు. నాకు కళ్లు తెరవాలనిపించింది అక్కా. తెరిస్తే ఆట చెడిపోయిద్దని మూసుకునే ఉన్నా. చూశావా, నాకు కూడా అలవాటైపోయింది.”

తెర మీద సభ నడుస్తోంది. బిల్లుకు ఎవరి పేరు పెట్టాలన్న దాని మీద గంటసేపు గొడవైంది. ఒక పక్షం తమ నాయకుడి తాతగారి పేరు పెట్టాలంది. ఇంకో పక్షం ఆ తాతగారికే వైద్యం చేసిన తమ తాతగారి పేరు పెట్టాలంది. చివరికి వెనక వరసలోంచి ఒక ముసలి సభ్యురాలు లేచి, గొంతు పీలగా ఉన్నా స్పష్టంగా అడిగింది: “అధ్యక్షా, పేరు తర్వాత పెట్టుకోవచ్చు. ఈ సమావేశాల్లో బిల్లు ఓటింగుకు పెడతారా, పెట్టరా? మంత్రిగారు ఒక్కమాటలో చెప్పమనండి.”

ఆరోగ్య మంత్రి కుర్చీలోంచి సగం లేచాడు. కండువా సర్దుకున్నాడు.

“చూద్దాం,” అన్నాడు. కూర్చున్నాడు.

ఆ వెంటనే తెర అడుగున ఎప్పటిలాగే ఒక వరస నడిచింది. సభలో ఎవరేమన్నా దాని అధికారిక తాత్పర్యం అలా కింద పడుతుంది: ‘చూద్దాం: హామీగా పరిగణించరాదు. అర్థపట్టిక ప్రకారం.’

లాస్య ఫక్కున నవ్వింది. “మా నాన్న మాట కొట్టేశాడు చూడు. మా ఇంట్లో అది నాన్న మాట. సైకిలు కొనవా అంటే చూద్దాం. తిరనాళ్లకు తీసుకెళ్లవా అంటే చూద్దాం. కొనడనీ, తీసుకెళ్లడనీ మాకర్థమయ్యేది. అప్పులోళ్లొచ్చినా అంతే, చుట్టాలొచ్చి ఊరికి రమ్మన్నా అంతే. ఎవరి మొహం మీదా వద్దు అనలేడు పాపం. చూద్దాం అన్నాడంటే ఇక అయిపోయినట్టే. మా అమ్మ అనేది, నీ చూద్దాంకి తాళం వేసిన తలుపుకీ తేడా ఏముందయ్యా అని.”

కెజియా చేతిలో ఎత్తిపట్టుకున్న అద్దం కాస్త జారింది. మళ్లీ పట్టుకుంది.

“ఏమైందక్కా?”

“ఏం లేదు. చెయ్యి చల్లబడింది.”

“నాన్న చివరి మాట ఏంటో ఎప్పటికైనా వినిపిస్తారా మాకు? నేనక్కడే ఉన్నాను, గది బయట. దగ్గు తప్ప నాకేం గుర్తులేదు. నాదే దగ్గు.”

“బంధువులకు వినిపించకూడదు.”

“తెలుసులే. ఊరికే అడిగా.” లాస్య తండ్రి చేతిని అరలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే సర్దింది. “లేపితే నలభై ఒకటి. అంటే పోవడానికే ఎక్కువ. నాకు తెలియదనుకోకు. కానీ ఎప్పుడూ అడగలేదక్కా ఆయన్ని. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ, ఏమయ్యా ఇంకా పడుకుంటావా అని ఎవరూ అడగలేదు. అదొక్కటే నాకు…” చెప్పులేసుకుంది. “వస్తానక్కా.”

ఆమె లిఫ్టు దిగేలోపే సభ నిరవధికంగా వాయిదా పడింది. పేరు మీదే. నాగుల్‌మీరా తెర కట్టేసి చలిగదిలోకి వెళ్లాడు.

రెండింటికి కెజియా పఠనగదిలో కూర్చుంది. గది అంటే మూడడుగుల గూడు, ఒక కుర్చీ, చెవులకు తగిలించుకునే తొడుగు, బొటనవేలు ఆనించే నల్లటి పలక. శివనాగరాజు మాట ఆమె ఇప్పటికి పద్నాలుగు సార్లు విన్నది. పద్నాలుగు సార్లూ ఏడేసి సెకన్లు, ఆ చివరి ముక్క. ముందున్నది వినడానికి పఠితకు అనుమతి ఉంది. అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇవాళ మొదటికి జరిపింది.

ముందుగా ఠక్ ఠక్ అని చప్పుడు. అతను మైకు మీద వేలితో కొట్టి చూశాడు. పనివాడి అలవాటు. తర్వాత ఒక ఆడ అధికారి గొంతు: ‘శివనాగరాజుగారూ, బిల్లు మూడు నెలల్లో వస్తుంది. అందాకా విరామంలో ఉండటం మీకు సమ్మతమేనా?’

‘మూడు నెలలేగదండీ. సరేనండి. కానివ్వండి.’

‘ఒకవేళ బిల్లు ఆలస్యమైతే పొడిగించవచ్చా?’

ఖాళీ. గది బయట ఒక పిల్ల దగ్గు. రెండోసారి దగ్గు. మనిషి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. మెల్లగా, ఎదుటివాళ్లను నొప్పించకూడదన్న జాగ్రత్తతో:

‘చూద్దాం.’

ఆమె చెవితొడుగు తీసేసి ఒళ్లో పెట్టుకుంది. తెర మీద అక్షరాలు ఎప్పటిలాగే ఉన్నాయి: ‘చూద్దాం: సమ్మతి. అర్థపట్టిక ప్రకారం.’ కింద, చిన్న అక్షరాల్లో, పట్టిక తయారుచేసిన శాఖ పేరు. పొద్దున సభ తెర మీద ఉన్నదీ అదే శాఖ. ఒకే మేడలో కూర్చుని, బహుశా ఒకే మనిషి, పొద్దున ఒక కాగితం మీద ఒక అర్థం, మధ్యాహ్నం ఇంకో కాగితం మీద ఇంకో అర్థం రాసి, ఇంటికెళ్లి పిల్లాడు బొమ్మ అడిగితే చూద్దాం అని ఉంటాడు. ఆ పిల్లాడికి మాత్రం సరిగ్గానే అర్థమై ఉంటుంది.

పఠిత మనసులో అప్పుడు జరిగింది తిరుగుబాటు అనదగ్గది కాదు. ధైర్యం వస్తే వేడిగా వస్తుందని, ఛాతీలో పొంగుతుందని ఆమె అనుకునేది. ఆ రోజు కోసం కొన్నేళ్లు ఎదురుచూసింది కూడా. వచ్చింది మాత్రం చాలా చిన్నది. తప్పుగా రాసిన అక్షరాన్ని గోడ మీద చూస్తే కలిగే విసుగు లాంటిది. తర్వాత ఆ విసుగు వెనక్కి నడిచి, తను ముద్ర వేసిన పద్నాలుగు సార్ల దగ్గరా ఒక్కొక్కచోట ఆగింది. ఆ పద్నాలుగు సార్లూ తనకు ఈ మాట అర్థం తెలుసు. తెలియక కాదు. చెవి విన్నది, నాలుక మీద తెలుగు ఉంది, బొటనవేలు మాత్రం పట్టిక చదివింది. బొటనవేలిని ఎవరూ బలవంతపెట్టలేదు. అందుకే సిగ్గేసింది.

నలభై ఒకటి అంటే, యాభై తొమ్మిది అతను పోవడానికి. పోతే, పోయేది తన ముద్ర వల్ల. ఆ మాటను ఆమె పక్కకు నెట్టలేదు. ఎదురుగా పెట్టుకుని చూసింది. పొడిగిస్తే పోయేది కూడా తన ముద్ర వల్లనే. ఒకదాంట్లో అతను కళ్లు తెరిచి ఉండగా ఎవరో ఒకరు పక్కన నిలబడాలి, ఒకదాంట్లో ఎవరూ నిలబడనక్కర్లేదు. అంతే తేడా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇంత పెద్ద కట్టడం, ఇంత చలి, ఇన్ని సమావేశాలు ఆ ఒక్క తేడా కోసమే పనిచేస్తున్నాయి.

పట్టిక చెప్పిన అర్థం ఒప్పుకోనప్పుడు వాడాల్సిన ‘పునఃపఠనం’ మీట ఆమె నొక్కింది. ఆ మీట కొత్తగా ఉంది. ఎవరి వేలూ దానికి తగల్లేదు.

ఏడు నిమిషాల్లో శాలాధికారి రిత్విక్‌రావు స్వయంగా దిగి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, భుజాల మీద శాలువా, ఈ అంతస్తుకు వస్తే చాలు తుమ్ములు. మూడు తుమ్మి, రుమాలు మడిచాడు.

“కెజియాగారూ, మీ అంతస్తులో ఒకటి ఆగిందండీ.”

“ఆగలేదు సార్. ఆపాను.”

“యంత్రంలో ఏమైనా…”

“యంత్రం బాగానే ఉంది. అర్థమే బాగాలేదు. ఈయన పొడిగించమనలేదు. చూద్దాం అన్నాడు.”

“పట్టికలో అది సమ్మతే కదండీ.”

“సభ పట్టికలో అది హామీ కాదు సార్. పొద్దున మంత్రిగారు అంటే తెర మీద వేశారు. మంత్రి నోట్లో చూద్దాం అంటే ఏమీ కాదు, మైక్‌సెట్ ఆయన నోట్లో అంటే ముప్ఫై ఒక్క ఏళ్లా?”

రిత్విక్‌రావు కుర్చీ కోసం చూశాడు. గూట్లో ఇంకో కుర్చీ లేదు. గోడకు ఆనుకుని, గొంతు తగ్గించాడు. “అమ్మా, మీకు తెలియదని కాదు. సమ్మతి లేదని ముద్ర పడితే ఇరవై నాలుగు గంటల్లో లేపి అడగాలి. లేచాడంటే ఆయన మెలకువలో ఉన్న ప్రాణాపాయ రోగి. అలాంటి రోగిని ఏ ఆసుపత్రీ గుమ్మం లోంచి వెనక్కి పంపకూడదని పాత చట్టం. అది ఎవరూ రద్దు చెయ్యలేదు, మర్చిపోయారంతే. రేపు ఈయనకు చేస్తే ఎల్లుండి ఇంకొకరి పిల్లలొచ్చి మా నాన్న ఏమన్నాడో విప్పి చూడమంటారు. ఈ రాష్ట్రంలో పడుకునేముందు గట్టిగా అవును అన్నవాడు ఎవడండీ? సగం మంది ‘మీ ఇష్టం’ అనే అన్నారు. మరి వాళ్లందరినీ లేపుతారా?”

“అడుగుతాం సార్. లేపమని ఎవరన్నారు, అడగమంటున్నా. అడగాలంటే లేపాలి. అది నా తప్పా?”

“బిల్లు వచ్చేదాకా ఆగుదామమ్మా.”

“ఆగితే ఈయన నాలుగో అంతస్తుకు పోతాడు.”

అతను కళ్లద్దాలు తీసి తుడిచాడు. చెడ్డవాడు కాదని కెజియాకు తెలుసు. పదవీ విరమణ దాకా ప్రతి ఏడూ ఎవరినీ బాధపెట్టకుండా దాటెయ్యాలని చూసే మనిషి. తనలోనూ అలాంటి మనిషి ఒకతె ఉంది. ఇన్నాళ్లూ ఆవిడే పనికి వచ్చింది.

“సరే, ఒక పని చేద్దాం. నేను పైకి రాస్తాను. వాళ్లు ఏమంటారో…” రుమాలు జేబులో పెట్టుకున్నాడు. “చూద్దాం.”

బయట చలిగది యంత్రం ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. నాగుల్‌మీరా ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడో, మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

“ఈ చూద్దాంకి ఏ పట్టిక చూడమంటారు సార్?” కెజియా అడిగింది. హేళనగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

రిత్విక్‌రావు ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, తుమ్ము వచ్చి, ఆగి, “మీ వేలు మీదండీ, నాది కాదు,” అన్నాడు చివరికి. అది బెదిరింపో, వదిలెయ్యడమో అతనికే తెలిసినట్టు లేదు. గుమ్మం దగ్గర నాగుల్‌మీరా పక్కకు తప్పుకుని దారిచ్చాడు. శాలాధికారి లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

“అక్కా,” అన్నాడు నాగుల్‌మీరా కాసేపటికి. “ఆయన లేస్తే ఇక్కడి చలికి తట్టుకోలేడు. నూట అరవై రెండు చుట్టూ మెల్లగా తగ్గించుకుంటా రావాలి. ఇప్పుడు మొదలుపెడితే రేప్పొద్దునకు సరిపోయిద్ది.”

“నీ ఉద్యోగం?”

“చలి తగ్గించడం కూడా నా ఉద్యోగమేగా. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలా.”

అతను వెళ్లాడు. మూడుంబావు. తెర మీద నియంత్రిక ఒక ప్రశ్న పెట్టి ఎదురుచూస్తోంది: ‘పఠిత నిర్ణయం పట్టికతో విభేదిస్తున్నది. కారణం ఎంచుకొనుము.’ కింద నాలుగు గళ్లు. యంత్రలోపం. ధ్వని అస్పష్టం. పఠితకు అస్వస్థత. ఇతరములు.

మొదటి మూడింట్లో ఏది ఎంచుకున్నా వ్యవహారం మెత్తగా సాగుతుందని ఆమెకు అర్థమైంది. ధ్వని అస్పష్టం అంటే ఈయనొక్కడే లేస్తాడు, ఇంకెవరి మాటా ఎవరూ విప్పరు, పట్టిక అలాగే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. ఆ గడి మీదికి వేలు వెళ్లింది కూడా. అస్పష్టం. ఇంత స్పష్టమైన మాట ఆ కట్టడంలో ఇంకొకటి లేదు. వేలు వెనక్కి తీసుకుంది.

‘ఇతరములు’ తెరిచింది. ఖాళీ గడి వచ్చింది, కొత్త వాక్యం కోసం ఒక గీత మినుకుమినుకుమంటోంది. ఏడేళ్ల కిందటైతే అందులో పన్నెండో అర్జీ రాసేది. చట్టం, న్యాయం, మానవత్వం, ఇంకా పెద్ద మాటలు వరసగా గుర్తుకొచ్చాయి. వాటన్నిటికీ అర్థాలు పట్టికలో ఎక్కడో రాసి ఉంటాయి. అందుకని వాటిని అలా పోనిచ్చింది. తర్వాత ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ, బడిలో పలక మీద రాసినట్టు నెమ్మదిగా నొక్కింది.

‘కారణం: నాకు తెలుగు వచ్చు.’

బొటనవేలు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని, పలక మీద ఆనించింది.